జతలో రెండో కార్డు

పంతులమ్మను మనం కిందటి వారం పాత కంప్యూటర్లు విప్పే వీధి మొగలో నిలబెట్టి వచ్చాం. భుజాన సంచి, చెవికి ఫోను. ఏడు నెలలుగా ఎవరి నోటా వినని మాట అప్పుడే విన్నది. "ఉన్నాయమ్మా, రెండున్నాయి. వచ్చి చూసుకో," అంది అవతలి గొంతు.

ఆ రెండు కార్డుల కోసం ఆమె ఎందుకంత కాళ్లరిగేలా తిరుగుతోందో మొదటినుంచీ వెంట వస్తున్నవాళ్లకు తెలుసు. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

కంప్యూటరుకు తీగ తగిలించే కార్డు అన్ని యంత్రాల్లోనూ ఉంటుంది. తీగలో వచ్చిన సందేశాన్ని తెచ్చి లోపల పడేయడంతో దాని పని సరి. కంప్యూటరు తనకు తీరినప్పుడు చూసుకుంటుంది. అయితే ఒకప్పుడు, కొన్నేళ్లపాటు, ఇంకో రకం ఈథర్‌నెట్ కార్డులు వచ్చాయి. వాటికి సొంత బుర్ర ఉండేది. చిన్న ప్రాసెసరు, దానికో పిసరు మెమరీ. అందులోకి మన ప్రోగ్రామును మనమే రాసి ఎక్కించుకోవచ్చు. గుమ్మంలోనే కుర్చీ వేసుకుని ఎవరు ఏ క్షణాన గడప తొక్కారో రాసుకునే మనిషిలాగా, సందేశం తీగ దిగిన క్షణాన్ని ఆ కార్డు అక్కడికక్కడే గుర్తు పెట్టుకునేలా చెయ్యొచ్చు.

పద్దెనిమిదేళ్ల కిందట పంతులమ్మ ఇంకా పంతులమ్మ కాలేదు; పరిశోధన చేసుకునే పిల్ల. ఆమె, ఆమెతోపాటు పనిచేసే ఒకతను, అలాంటి కార్డులు రెండు తీసుకుని, పక్కపక్క గదుల్లో రెండు కంప్యూటర్లు పెట్టి, వాటి గడియారాలను ఒకే క్షణానికి కలపాలని కూర్చున్నారు. మధ్య గోడకు కన్నం పొడిచి నీలం తీగ లాగారు. రెండేళ్లు అదే పని. మొదట్లో "మీరు" అనుకున్నవాళ్లు ఏ రోజు "నువ్వు"లోకి దిగారో ఇద్దరికీ గుర్తులేదు. పంతులమ్మ అక్క బట్టలు కుట్టే మనిషి, నోరు సూది కంటే పదును. ఆమె అతనికి "గోడవతలాయన" అని పేరు పెట్టింది. ఏమే, గోడవతలాయన ఎప్పటికైనా గోడ ఇవతలికి వస్తాడా అని అడిగేది. పంతులమ్మ నవ్వి ఊరుకునేది. చెప్పుకోవలసిన మాట ఒకటుందని ఇద్దరికీ తెలుసు. పని అయ్యాక చెప్పుకోవచ్చులే అని ఇద్దరూ వాయిదా వేశారు.

పని అయింది. గడియారాలు సెకనులో కోటోవంతు తేడాతో కలిశాయి. ఎవరూ నమ్మలేదు. అదే కంపెనీ, అదే పేరు, అదే పెట్టె, కొత్త కార్డులు రెండు తెప్పించి, మళ్లీ చేసి చూపించమన్నారు. కలవలేదు. వందల రెట్లు తేడా వచ్చింది. అతను అంకెలు సృష్టించాడని కమిటీ వేశారు. అంకెలు పడింది అతని గదిలోని తెర మీద. నీ కళ్లతో చూశావా అని కమిటీ ఆమెను అడిగింది. "నేను అవతలి గదిలో ఉన్నానండీ. వారు చూశారు," అంది. అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ రెండేళ్లు "నువ్వు" అన్న మనిషిని ఆ గదిలో, అందరి ముందూ, "వారు" అంది. అతను తల తిప్పి ఒక్కసారి చూశాడు. ఆ మధ్యాహ్నమే పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరికీ కనబడలేదు.

ఏడు నెలల కిందట ల్యాబులో పాత బీరువా ఖాళీ చేస్తుంటే, అప్పట్లో వ్యాసం కోసం తీసిన కార్డు ఫొటో ఒకటి ఆమె చేతిలో పడింది. కార్డు క్షణాలను లెక్కపెట్టే స్ఫటికం ఒకటుంటుంది, బియ్యపు గింజంత వెండి డబ్బా. ఫొటోలో ఒక్కటే ఉంది. కమిటీ తెప్పించిన కొత్త కార్డులో రెండున్నాయి. బుర్రకు ఒకటి, తీగకు ఒకటి. పేరు మార్చకుండా కంపెనీ లోపల మార్చేసింది. రెండూ వేర్వేరు నడకలు నడుస్తుంటే క్షణాలు ఎలా కలుస్తాయి? అతను చెప్పింది నిజం. పాత అచ్చు కార్డులతో అది నిజం.

అప్పటి కమిటీలో అందరికంటే చిన్నవాడు ఇప్పుడు సంస్థకు డైరెక్టరు. పంతులమ్మ ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. పాత అచ్చు కార్డులు తెచ్చి మా కళ్లెదుట నడిపించు, ఫైలు తిరిగి తెరుస్తాను, కానీ నోటిమాట చాలదు, కాగితం మీద రాసివ్వు అన్నాడు. అప్పటి అంకెల్లో ఒక్కటి కూడా కల్పించింది కాదని, అందుకు తన ఉద్యోగమే పూచీ అని రాసి సంతకం పెట్టి ఇచ్చి వచ్చింది. గడువు నెలాఖరు. ఇంకా పన్నెండు రోజులుంది.

ఇక వీధిలోకి పదండి.

ఆ వీధిలో ప్రతి కొట్టూ ఒక యంత్రాన్ని కడుపు చీల్చి గుమ్మంలో పరిచినట్టుంటుంది. ఒకచోట కీబోర్డుల గుట్ట, ఒకచోట మూతల్లో సైజుల వారీగా మరమేకులు. పంతులమ్మ ఈ ఏడు నెలల్లో ఇలాంటి వీధులు చాలా చూసింది. మూతపడ్డ బ్యాంకు వాళ్ల గోదాములో మూడు రోజులు దుమ్ము మింగింది. రిటైరైన ఒక మాస్టారి అటక ఎక్కితే కార్డు ఉన్న పెట్టె దొరికింది, కార్డును తప్ప మిగతా అంతా చెదలు తినేసిన ఆ పెట్టెలో, చూస్తే రెండు స్ఫటికాల కార్డు. ఇంటర్నెట్‌లో ఫొటో చూసి తెప్పించుకుంటే ఫొటోలో ఉన్నది ఒకటి, పార్సిల్లో వచ్చింది ఇంకొకటి; అడిగితే రెండూ పచ్చగానే ఉన్నాయి కదండీ అన్నాడు అమ్మినవాడు.

చివరి కొట్టు అద్దాలత్తది. అరవై దాటిన మనిషి. నుదుటికి పట్టీ కట్టుకుని దానికి భూతద్దం తగిలించుకుంటుంది. చూడాలంటే దించుతుంది, మాట్లాడాలంటే ఎత్తుతుంది. తనకంటే పెద్దవాళ్లు కూడా ఆమెను అత్తా అనే పిలుస్తారు. పాడైన బోర్డు ఆమె చేతిలో పడితే అల్లుడికి మర్యాద చేసినంత చక్కగా చూస్తుందని వీధిలో అంటారు.

పంతులమ్మ వెళ్లేసరికి అత్త సోల్డర్ పొగలో ఉంది. కూర్చోమని ముక్కాలిపీట వైపు గడ్డంతో చూపించి, చేతిలో పని అయ్యాక రేకు డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. మూత తీస్తే గుడ్డలో చుట్టిన కార్డులు రెండు.

పంతులమ్మ మొదటిది తీసుకుని కిటికీ వెలుగులోకి తిప్పింది. స్ఫటికం ఒకటి. ఇంకో చోట, ఉండవలసిన దగ్గర, ఖాళీ. ఏడు నెలలు ఫొటోలో చూసింది అరచేతిలో ఉంది. ఆ పచ్చని బోర్డు అంచు, కంప్యూటర్లో గుచ్చే ఆ పసుపు పళ్లు, అవతలి గదిలోంచి అతను తొలిసారి తెచ్చి ఆమె ముందు పెట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వయసు మనుషులకే వస్తుంది కాబోలు అనుకుంది.

మొదటిది ఒళ్లో పెట్టుకుని రెండోది తిప్పింది. వెండి గింజలు రెండు.

అత్తనడిగి భూతద్దం తీసుకుని మళ్లీ చూసింది. ఎన్నిసార్లు చూసినా రెండు రెండే. కార్డును గుడ్డ మీద పెట్టింది. ఇది కాదత్తా అంది.

"ఎందుకు కాదు? పేరొకటే, పెట్టె ఒకటే."

"పద్దెనిమిదేళ్ల కిందట కూడా ఇదే మాట అన్నారు. ఒక మనిషి బతుకు ఆ మాట మీదే పోయింది."

అత్త ఆమె చేతిలోంచి భూతద్దం తీసుకుని, నుదుటికి తగిలించుకుని, దించకుండా ఆమెనే చూసింది. "గింజ ఒకటా రెండా అని లెక్కపెట్టే మనిషి నా కొట్టుకి రావడం ఇది రెండోసారి," అంది.

మొదటివాళ్లెవరని అడగనక్కరలేదు. అయినా అడిగింది.

రెండేళ్ల కిందట వచ్చాడట. పొడుగ్గా, కొంచెం వంగి. కొట్టంతా వెతుక్కుని ఇలాంటిదే ఒకటి పట్టుకుని కొనుక్కున్నాడు. ఒక్కటి చాలదు, జత కావాలి, దొరికితే కబురు చెయ్యండి అని నంబరు ఇచ్చి వెళ్లాడు. నాలుగైదు నెలలకోసారి వచ్చి కూర్చునేవాడు. పెద్దగా మాట్లాడడు. అత్తకు కన్ను ఆననివి ఏవైనా ఉంటే అతుకులు వేసి పెట్టేవాడు. నిన్న ఈ ఒంటి గింజ కార్డు ఒక మూతపడ్డ ప్రెస్సు కంప్యూటర్లోంచి బయటపడగానే అత్త సంబరంగా ఫోన్ చేసింది. అతను వద్దులెండి అత్తా, కావలసినవాళ్లెవరైనా వస్తే ఇచ్చేయండి అన్నాడు. ఇవాళ పంతులమ్మ ఫోను.

పంతులమ్మ వింటూనే ఉంది, కానీ ఆమె అడిగినవి వేరే. మనిషి చిక్కాడా. కళ్లద్దాలు వచ్చాయా. నవ్వుతాడా. తెలియనివాళ్ల గురించి ఎవరూ అలా అడగరని ఆమెకు తట్టలేదు. అత్తకు తట్టింది గానీ పైకి అనలేదు. అన్నిటికీ సమాధానం చెప్పి, "ఒక్కడే," అని అడగనిది కూడా చెప్పింది.

"ఎందుకు వద్దన్నాడు?" అంది పంతులమ్మ.

"నేనూ అదే అడిగాను. కార్డులు రెండూ దొరికినా రెండో గదిలో కూర్చోవడానికి మనిషి లేదత్తా అన్నాడు. ఒకప్పుడు ఒకమ్మాయి ఉండేదట. ఇద్దరూ కలిసి చేసిన పనేనట. తీరా అడగాల్సినవాళ్లు అడిగితే నేను పక్క గదిలో ఉన్నానంది." అత్త సోల్డర్ కడ్డీని స్టాండులో గుచ్చింది. "నాకు ఆ పిల్ల మీద ఎంత కోపమో చెప్పలేను. ఆయనకి లేదు. నిజమే చెప్పింది కదా అంటాడు. నిజమా అది? చేతులు కడుక్కోవడం."

వీధిలో ఎవరో ఇనుప బీరువా ఈడ్చుకుపోతున్నారు. ఆ చప్పుడు తగ్గేదాకా పంతులమ్మ ఆగింది. కార్డు ఇంకా ఆమె ఒళ్లోనే ఉంది. ఏమీ చెప్పకుండా తీసుకుని లేచి వెళ్లిపోవచ్చు. అత్త ఆపదు. అతని దగ్గరున్న రెండో కార్డు ఎలాగో ఒకలా, ఎవరి చేతో అడిగించి తెప్పించుకోవచ్చు. పద్దెనిమిదేళ్ల కిందట కూడా ఇలాగే, నోరు విప్పకుండా ఉంటే దాటిపోయే క్షణం ఒకటి వచ్చింది.

"ఆ పక్క గదిలో ఉన్నది నేనే అత్తా," అంది.

అత్త చెయ్యి చాచి, పంతులమ్మ ఒళ్లోంచి కార్డు తీసుకుంది. గుడ్డలో చుట్టింది. డబ్బాలో పెట్టి మూత నొక్కింది.

"అయితే ఇది నీకివ్వను."

పంతులమ్మ వాదించింది. ఫొటో చూపించింది. డైరెక్టరుగారి గడువు గురించి చెప్పింది. ఇది తన కోసం కాదని, అతని పేరు మీద పడ్డ మచ్చ తుడవడానికేనని చెప్పింది. అత్త అన్నీ విని, మచ్చ తుడుస్తున్నావని ఆయనకి తెలుసా అని అడిగింది. తెలియదు. అడిగావా? లేదు. ఎక్కడున్నాడో తెలుసుకోవాలని చూశావా? అదీ లేదు. కార్డు కోసం బ్యాంకు గోదాములు, అటకలు, నాలుగు ఊళ్లు గాలించిన మనిషి, అతని కోసం ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు. కార్డు దొరికితే అతని ముందుకు వెళ్లడానికి ముఖం ఉంటుందని అనుకుంది. ముందు కార్డు, తరవాత మనిషి. మళ్లీ అదే వాయిదా.

"నీకు కావలసింది కార్డా, ఆయనా?"

"ఈ ఏడు నెలలూ కార్డనే అనుకున్నాను," అంది పంతులమ్మ.

అత్త లేచి గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. ఎదురుగా తాళం వేసిన కొట్టు ఒకటి ఉంది, తలుపు మీద రంగు పెచ్చులూడిపోయి. "అది నా తోడికోడలిది," అంది అటే చూస్తూ. ఒక డ్రిల్లు దగ్గర మొదలైంది గొడవ. ఇద్దరూ ఆ గుమ్మంలో ఈ గుమ్మంలో కూర్చుని తొమ్మిదేళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోలేదు. నాలుగు అంగలు వేస్తే అటు. ఒకరోజు పొద్దున కొట్టు తెరవలేదు. ఏమైందని అడగడానికి వెళ్లాలంటే అభిమానం అడ్డొచ్చింది. సాయంత్రానికి కబురు తెలిసింది. అత్త ఇదంతా ఎవరో మూడో మనిషి సంగతిలా చెప్పి, లోపలికి వచ్చి, డబ్బా తీసి పంతులమ్మ చేతిలో పెట్టింది.

"అమ్మడం లేదు. మోసుకెళ్లమంటున్నాను. ఆయన తన కార్డు నీకిస్తే ఇది నీది. ఇవ్వకపోతే రేపు తెచ్చి నా బల్ల మీద పెట్టు. ఫోన్ నంబరు మాత్రం ఇవ్వను. ఫోన్‌లో అయితే మళ్లీ పక్క గదిలోంచే మాట్లాడతావు."

అట్ట ముక్క మీద అడ్రసు రాసిచ్చింది. ఊరి బయట నీళ్ల పంపుహౌసు.

బస్సులో కూర్చున్నాక పంతులమ్మ అక్కకు ఫోన్ చేసింది. కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. ఎక్కడికి వెళ్తోందో చెప్పగానే అక్క అడిగిన మొదటి ప్రశ్న, ఏం వేసుకున్నావు అని. చెప్పింది. ఆ మోచేతి దగ్గర దారాలు లేచినదా, ఇరవైసార్లు కుట్టి ఇస్తానన్నాను, ఇవాళే వేసుకోవాలా అని అక్క తిట్టిపోసింది. తిట్టడం అయ్యాక, గొంతు తగ్గించి, ఏమన్నా అంటే పడవే, ఎదురు చెప్పకు అంది. ఆమె ముక్కు ఎగబీల్చడం ఫోన్‌లో వినబడింది.

పంపుహౌసు చేరేసరికి నాలుగు దాటింది. గేటు దగ్గర పుస్తకంలో రాయాలి. ఎవరిని కలవాలి, ఏ పని మీద, ఏమవుతారు. మొదటి రెండు గళ్లూ నింపి, మూడో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. గేటుమనిషి ఓపిగ్గా చూసి, ఖాళీగా వదిలేయండమ్మా, ఎవరూ చూడరు అన్నాడు.

లోపల ఒక పెద్ద హాలు, నేలలోంచి పుట్టినట్టు పంపుల హోరు. గోడ పొడవునా మీటర్లు. చివర అద్దాల గదిలో ఒక మనిషి నిలబడి మీటరు చూసి కాగితం మీద రాసుకుంటున్నాడు. జుట్టు సగం తెల్లబడింది. భుజాలు వంగాయి. కానీ రాసుకునేటప్పుడు ఎడం కాలి మీద బరువంతా మోపి కుడి కాలిని వదులుగా పెట్టే తీరు అదే. పంతులమ్మ అద్దానికి ఇవతల నిలబడి చూసింది. పిలవబుద్ధి కాలేదు. అతను చూడకముందు ఉన్న ఈ కాసేపూ తనదే. ఇందులో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఎవరూ వెళ్లిపోలేదు.

అతను తలెత్తాడు.

గుర్తుపట్టడానికి టైము పట్టలేదు. ముఖంలో ఏదో వచ్చి వెళ్లింది. తలుపు తీసి, "రండి," అన్నాడు.

ఆ "రండి" ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కూర్చోలేదు. సంచిలోంచి డబ్బా తీసి, మూత తీసి బల్ల మీద పెట్టింది. అద్దాలత్త పంపిందని చెప్పింది. అతను కార్డు తీసుకుని, అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, వేలి గోరుతో ఆ వెండి గింజను తాకాడు. పక్కనున్న ఖాళీని తాకాడు.

"ఒక్కటే," అన్నాడు. "మీకెలా తెలిసింది?"

ఫొటో సంగతి చెప్పింది. అతను తలూపాడు. తనకు వెళ్లిపోయిన మూడో ఏడే తెలిసిందట. తెలిసిన రోజున ఎవరికైనా చెప్పాలని వీధిలోకి వచ్చి నిలబడ్డాడట. చెప్పడానికి ఎవరూ తోచక, కూరగాయలు కొనుక్కుని ఇంటికి వెళ్లిపోయాడట. అతను మామూలుగానే చెప్పాడు. పంతులమ్మకు మాత్రం ఆ సాయంత్రం, ఆ వీధి, చేతిలో కూరగాయల సంచి కళ్లకు కట్టాయి. ఆ సాయంత్రం తను ఎక్కడుందో, ఏం చేస్తోందో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. రాలేదు.

"ఆ రోజు నేను అనవలసింది అది కాదు," అంది. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు పెద్దవి, పొడుగైనవి. నోటికి వచ్చింది ఇంతే. "నేను చూడకపోయినా, నాకు తెలుసు అనాల్సింది. నువ్వు చెప్పావంటే నిజమేనని అనాల్సింది. భయపడ్డాను. ఇన్నేళ్లూ ఆ గదిలోనే ఉన్నాను."

అతను కిటికీ వైపు తిరిగాడు. బయట పెద్ద తొట్లలో నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. మళ్లీ ఇటు తిరిగి బల్ల సొరుగు లాగి, కాగితాల కిందనుంచి రెండో కార్డు తీశాడు. పక్కపక్కన పెట్టాడు. ఒకే అచ్చు, ఒకే గింజ.

"కూర్చో," అన్నాడు.

ఆమె కూర్చుంది. ఆ ఒక్క మాటకు కళ్లు మసకబారాయి. అతను చూడకుండా చూసుకుంది. ఇద్దరూ కాసేపు ఆ కార్డుల గురించే మాట్లాడుకున్నారు, వేరే ఏది ఎత్తినా తెగిపోతుందన్నట్టు. పాత స్లాటు ఉన్న కంప్యూటర్లు రెండు ల్యాబులో దాచి ఉంచానంది. ప్రోగ్రాము అసలు ప్రతి తన దగ్గర ఉందన్నాడు. నీలం తీగ అక్కర్లేదు, ఇప్పుడు మంచివి దొరుకుతున్నాయంది. అతను నవ్వాడు. అత్త చెప్పింది నిజమే, తక్కువ నవ్వుతాడు. కానీ నవ్వితే అదే నవ్వు. ఇంకో పన్నెండు రోజుల్లో ఆ అంకెలు అందరి ఎదుటా తెర మీద పడతాయి, అతను పక్కనే ఉంటాడు, మధ్యలో గోడ ఉండదు. పంతులమ్మకు అంతకంటే ఏమీ అక్కర్లేదనిపించింది. ఆ ఊపులోనే డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లిన సంగతి, రాసిచ్చిన కాగితం సంగతి చెప్పింది. ఒక్క అంకె కూడా కల్పించింది కాదని, ఉద్యోగమే పూచీ అని రాశానని, కొంచెం గర్వంగానే చెప్పింది.

అతని నవ్వు ఆగిపోయింది.

లేచి వెళ్లి తలుపు మూశాడు. పంపుల హోరు సగం తగ్గింది. వెనక్కి వచ్చి కూర్చోలేదు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. కాగితం ఇచ్చేశావా అని అడిగాడు. ఇచ్చేశానంది. సంతకంతోనా? సంతకంతోనే.

"అంకెలు మొత్తం నాలుగు వందల పన్నెండు వరసలు," అన్నాడు. "నాలుగు వందల ఒకటి కార్డు రాసింది. అవి నిజం, ఎక్కడ నడిపినా నిజమే వస్తుంది. చివరి పదకొండూ కార్డు రాయలేదు. నేను రాశాను."

పంతులమ్మ కార్డుల వైపు చూసింది. అతని వైపు చూసింది. ఎందుకు అనే మాట గొంతు దాకా వచ్చింది గానీ, పద్దెనిమిదేళ్లుగా తాను మోస్తున్నదాని బరువు ఒక్కసారిగా ఎటు ఒరిగిందో తెలియక, వేరే మాట అడిగింది.

"ఇది ఇంకెవరికైనా తెలుసా?"

"మొదటినుంచీ ఇద్దరికి తెలుసు," అన్నాడతను. "ఒకణ్ణి నేను. రెండోవారి బల్ల మీదే నువ్వా కాగితం పెట్టి వచ్చావు."